వంతెన కింద డైరెక్టరు

వాదిమ్ గ్లేబొవిచ్ కుర్గానొవ్ ఒకప్పుడు ఇంజినీరు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పాడు. పుట్టినరోజు విందుల్లో, కొత్త సంవత్సరం విందుల్లో, ఆఖరికి పోయినవాళ్ల పేరిట పెట్టే భోజనాల్లో కూడా గ్లాసు పట్టుకుని లేచి, "నేను మామూలు ఇంజినీరుని, మిత్రులారా" అని మొదలుపెట్టేవాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతికున్న గడియారం అమ్మితే ఒక మామూలు ఇంజినీరు తన కూతురి పెళ్లి చేసి, మిగిలిన దాంతో ఇల్లు కొనుక్కోవచ్చు.

తర్వాత కథ అందరికీ కంఠతా వచ్చు. యూర్మ నది మీద ఆయన కట్టిన మొదటి వంతెన. పరీక్ష రోజున పైన ఇసుక లారీలు వరసగా నిలబెట్టారు. అప్పటి పెద్ద ఇంజినీరు జఖార్ నీలిచ్ ఈయన చెయ్యి పట్టుకుని కిందికి లాక్కుపోయి, "కట్టినవాడు కింద నిలబడాలిరా, అదీ మన ఆచారం" అన్నాడు. "నిలబడ్డాను! భయపడ్డానా? ఎందుకు భయపడతాను? లెక్క నాది కదా!" అని వాదిమ్ గ్లేబొవిచ్ గ్లాసు ఖాళీ చేసేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆడవాళ్లలో కొందరు కళ్లు కూడా తుడుచుకునేవాళ్లు.

నిజానికి ఆ రోజు ఆయన స్తంభం పక్కన వాంతి చేసుకున్నాడు. ఆ సంగతి తెలిసినవాళ్లలో ఇంకా బతికున్నది ఒక్కరే, తైసియా ప్రొహోరొవ్నా. ఆయనతో పాటే చదువుకుంది, ఆ రోజు ఆయన పక్కనే నిలబడింది, ఇప్పుడు ఆయన కిందే ప్రధాన ఇంజినీరుగా పనిచేస్తోంది. ఏ విందులోనూ ఆవిడ నోరు విప్పలేదు. ఉప్పునీటి దోసకాయ నములుతూ ఆయన వైపు చూసేది, అంతే. ఆ చూపు కంటే ఆయనకి నలుగురి ముందు తిట్లే నయం.

ఇంజినీరు కాస్తా మేనేజరు ఎలా అయ్యాడంటే, దేశం కూలిపోయిన ఆ రోజుల్లో వంతెనలు కట్టేవాళ్లకి జీతాలు రూబుళ్లలో కాక ఎనామిల్ గిన్నెల్లో వచ్చేవి. మిగతా ఇంజినీర్లు ఆ గిన్నెలు చూసి ఏడ్చారు. వాదిమ్ ఏడవలేదు. గిన్నెలిచ్చి పంచదార తెచ్చాడు, పంచదార ఇచ్చి టైర్లు తెచ్చాడు, టైర్లిచ్చి డబ్బాల్లో మాంసం తెచ్చాడు. దాంతో వందలాది కుటుంబాలు ఆ చలికాలం గట్టెక్కాయి. మంచి పనే చేశాడు, కాదనకూడదు. కాకపోతే ఆ చలికాలం తర్వాత ఆయన మళ్లీ డ్రాయింగు బల్ల దగ్గరికి రాలేదు. గిన్నెలతో పంచదార తేగలిగిన మనిషికి దూలాల మందం లెక్కలు చాదస్తంగా కనిపించాయి. సరఫరా అధికారి అయ్యాడు, తర్వాత డిప్యూటీ అయ్యాడు, తర్వాత మాస్కోలో ఏదో మేనేజ్‌మెంటు కోర్సు చేసి ఒక సర్టిఫికెట్టు, ఒక ఇటలీ టై, 'ఆప్టిమైజేషన్' అనే ఒక మాట పట్టుకొచ్చాడు. సర్టిఫికెట్టు గోడకెక్కింది, టై మెడకెక్కింది, మాట తలకెక్కింది. జనరల్ డైరెక్టరు అయ్యేసరికి ఆయన వంతెనల్ని స్లయిడ్లలో తప్ప చూడటం మానేశాడు. స్లయిడ్లలో వంతెనలు చాలా బాగుంటాయి. ఎప్పుడూ ఎండే. పిల్లలు బెలూన్లు పట్టుకుని నడుస్తుంటారు.

యూర్మ మీద రెండో వంతెన మొదలైన ఏడాది మాస్కో నుంచి తమ కార్పొరేషన్ అధ్యక్షుడు ఆర్నొల్ద్ సవ్వీచ్ ఫోను చేశాడు.

"వాదిమ్ గ్లేబొవిచ్, నా పక్క గది ఖాళీగా ఉందయ్యా. ఖర్చు తగ్గించి చూపించినవాడికి ఆ గది ఇద్దామనుకుంటున్నాను."

వాదిమ్ ఆ గదిని ఎన్నడూ చూడలేదు. కానీ ఆ రోజు నుంచి మనసులో అందులోనే కాపురం పెట్టాడు. మర్నాడే మీటింగు పెట్టి తైసియాతో చెప్పాడు.

"అడ్డ దూలాల మందం తగ్గించండి. బోల్టులు కూడా అంత ఖరీదైనవి మనకెందుకు? తక్కువవి వేయండి."

"కుదరదండీ," అంది తైసియా.

"తైసియా ప్రొహోరొవ్నా, నేను మిమ్మల్ని సలహా అడగలేదు. నిర్ణయం చెబుతున్నాను."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "అలాగేనండి."

ఇన్నేళ్లలో తైసియా నోట 'అలాగే' అన్న మాట ఆయన విననే లేదు. బుర్ర ఉన్నవాడు అక్కడే అనుమానపడేవాడు. వాదిమ్ గ్లేబొవిచ్ సంతోషపడ్డాడు. కొన్నాళ్లకి "ఆదేశం అమలైంది" అని కబురొచ్చింది. ఆయన ఆ కబురుని ఉన్నదున్నట్టు మాస్కోకి పంపాడు. మాస్కో మెచ్చుకుంది.

అప్పుడప్పుడు, ముఖ్యంగా గడ్డం గీసుకుంటున్నప్పుడు, ఆయన లోపల మిగిలిపోయిన పాత ఇంజినీరు లేచి కూర్చుని లెక్క అడిగేవాడు. కార్లు వెళితే ఫరవాలేదు. బస్సులకి కూడా ఫరవాలేదేమో. నిండు లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోతే? "ఎందుకాగుతాయి? ట్రాఫిక్కుని చూసుకోవడానికి పోలీసులున్నారు" అని వాదిమ్ మొహం కడుక్కునేవాడు. ఆ జవాబు ఆయనకే నచ్చేది కాదు. అయినా గడ్డం రోజుకొక్కసారే గీసుకుంటాడు కాబట్టి నెట్టుకొచ్చాడు.

అక్టోబరులో వంతెన పూర్తయింది. ప్రారంభోత్సవానికి వారం ముందు ప్రచార విభాగం అధికారిణి స్నెజానా ఆయన గదిలోకి దాదాపు ఎగురుకుంటూ వచ్చింది.

"వాదిమ్ గ్లేబొవిచ్! అద్భుతమైన ఆలోచన! మీరు విందుల్లో చెబుతారే, వంతెన కింద నిలబడ్డానని! మళ్లీ నిలబడండి. లైవ్‌లో! పైన ఇసుక లారీలు, కింద మీరు!"

వాదిమ్ టై వదులు చేసుకున్నాడు. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ. పాతకాలం ఆచారం..."

"అదేనండీ కావాల్సింది! గవర్నరు గారి ఆఫీసుకి కూడా చెప్పేశాను. ఆయన ఎంత మురిసిపోయారో! మీ కథ ఆయన మూడు విందుల్లో విన్నారట. 'ఈసారి కళ్లారా చూస్తాను' అన్నారు."

గొప్పలు చెప్పుకోవడంలో ఉన్న ఇబ్బంది ఇదే. వినేవాడు ఎప్పుడో ఒకప్పుడు నమ్మేస్తాడు. గవర్నరు నమ్మితే ఇక తప్పించుకునే దారే లేదు.

ఆ మధ్యాహ్నం వాదిమ్ కారు వేసుకుని వంతెన దగ్గరికి వెళ్లాడు. నది ఒడ్డున ఇనప గదిలో తైసియా ఫెల్టు బూట్లు వేసుకుని గోధుమరవ్వ జావ తింటోంది. ఆయన్ని చూసి లేవలేదు. గదిలో వేరే ఎవరూ లేరు, కాబట్టి పేరుకి గౌరవాలు తగిలించాల్సిన పనీ లేదు, చదువుకున్ననాటి ముద్దుపేర్లు చాలు.

"ఏం వాదిక్, దారి తప్పావా? జావ తింటావా?"

"తాయా, ఒక చిన్న పని. ఆ రోజు లారీల్లో ఇసుక సగమే పోయించు. పైన టార్పాలిను కప్పేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"గవర్నరు మనుషులు వచ్చి తూకం వేయిస్తారట. మీ పిల్లే చెప్పింది, ఆ స్నెజానా. 'అంతా నిజంగా జరగాలి' అని గంతులేస్తోంది. అయినా సగమెందుకు?"

వాదిమ్ కిటికీలోంచి నదిని చూశాడు. అన్నీ చెప్పేయొచ్చు. ఇప్పుడే, ఈ గదిలో, జావ చల్లారకముందే. దూలాల గురించి నాకు భయంగా ఉంది తాయా, ఆపేద్దాం అంటే సరిపోతుంది. ప్రారంభోత్సవం ఆగిపోతుంది, గవర్నరు తిడతాడు, మాస్కోలో ఆ గది వేరేవాడికి పోతుంది. ఆ గది గుర్తుకు రాగానే నోటిదాకా వచ్చిన మాట వెనక్కి పోయింది.

"నా నడుం పట్టేసింది," అన్నాడు. "నిలబడలేకపోతున్నా. అంతసేపు ఆ తడిలో..."

"కుర్చీ వేయిస్తాలే."

"కాదు తాయా, నేనసలు రాలేనేమో."

తైసియా చెంచా పక్కన పెట్టి ఆయన్ని ఎగాదిగా చూసింది. "సరే, నేను నిలబడతా. నువ్వు పైన గవర్నరు పక్కన నిలబడి చెయ్యి ఊపు. నీకు అలవాటేగా."

ఇలా అంటుందని ఆయనకి తెలుసు. ఇలా అనాలనే వచ్చాడేమో కూడా. తిరుగు దారిలో కారు వెనక సీట్లో కూర్చుని తను ఇప్పుడు చేసిన పనేమిటో ఆలోచించుకున్నాడు. దూలాలు తగ్గించింది తను. కింద నిలబడబోయేది తాయా. ఆవిడకి ఆ దూలాల సంగతి తెలుసు, అయినా నిలబడతానంది. అంటే ఏమిటి? తన మాట మీద గౌరవమా? పెద్దవాళ్ల ఆచారం మీద పిచ్చా? ఎంత ఆలోచించినా తేలలేదు. సిగ్గుగా ఉండి, డ్రైవరుకి వినపడకుండా తనని తానే తిట్టుకున్నాడు. తిట్టుకున్నాడే గానీ కారు వెనక్కి తిప్పమనలేదు.

నడుం నొప్పి కబురు విన్న స్నెజానా కుక్కవెంట్రుకలతో నేసిన వెచ్చటి నడుంపట్టీ తెచ్చిచ్చింది. దాన్ని కట్టుకుని ఆయన ఆ వారమంతా అబద్ధపు నొప్పితో వంగి వంగి నడిచాడు. మూడో రోజుకి నిజంగానే నొప్పి మొదలైంది.

ప్రారంభోత్సవం రోజున తడి మంచు పడుతోంది. తెల్లవారకముందే మనుషులొచ్చి మంచుని ఊడ్చి, రోడ్డు అంచున తడి తడి రాళ్ల మీదే తెల్ల సున్నం వేశారు. అది గవర్నరు కారు దిగేలోపే కారిపోయింది. బాకాల మేళం వాయించింది. పూసల కిరీటం పెట్టుకున్న అమ్మాయి స్వాగత ఆచారం ప్రకారం రొట్టె, ఉప్పు అందించింది. గవర్నరు ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుని మాట్లాడాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. పక్కన వాదిమ్ గ్లేబొవిచ్ నడుంపట్టీలో బిగుసుకుని నిలబడ్డాడు.

"మీకు ఒంట్లో బాగాలేకపోవడం బాధగా ఉందయ్యా," అన్నాడు గవర్నరు ఆఖరికి. "పోనీలే, ఆడవాళ్లు కూడా ధైర్యవంతులే!"

కింద గట్టు మీదుగా తైసియా దిగి వెళుతోంది. చంకలో ఫ్లాస్కు, జేబులో పొద్దుతిరుగుడు గింజల పొట్లం. చేపలు పట్టడానికి పోతున్నట్టు పోతోంది. వంతెన కింద, ఒడ్డు పక్కన ఉన్న రాతి దిమ్మ మీద అట్టముక్క పరుచుకుని కూర్చుంది. అవతలి ఒడ్డున లారీలు ఇంజన్లు స్టార్టు చేశాయి.

ఆ చప్పుడు వినగానే వాదిమ్‌కి గది గుర్తుకు రాలేదు. మాస్కో గుర్తుకు రాలేదు. గవర్నరు ఆయన చెయ్యి పట్టుకుని ఏదో అంటున్నాడు. ఆ చేతిని విదిలించుకుని పరిగెత్తాడు. గట్టు మీద జారాడు, లేచాడు, నిగనిగలాడే బూట్లతో బురదలో పడి దొర్లుకుంటూ కిందికి పోయాడు. వెనకనుంచి ఎవరో కేకలేస్తున్నారు. కెమెరాలవాళ్లు రెయిలింగు దగ్గరికి తోసుకొచ్చారు.

"తాయా! బయటికి రా! రా బయటికి!"

తైసియా తలెత్తింది. "ఎందుకొచ్చావురా? బూట్లు చూడు ఎలా అయ్యాయో."

"రావే, నీకు దణ్ణం పెడతా! దూలాలు..."

"ఏ దూలాలు?"

"నేను తగ్గించమన్న దూలాలు!"

ఆవిడ ఒక గింజ కొరికి పొట్టు ఊసింది. "ఓ, అవా."

మొదటి లారీ నెత్తిమీదికి వచ్చింది. వంతెన గురగురమంది. వాదిమ్ ఆవిడని భుజాలు పట్టుకుని లాగబోయాడు. ఆవిడ బరువైన మనిషి, కదల్లేదు. రెండో లారీ కూడా వచ్చేసింది. ఇక పరిగెత్తే వ్యవధి లేదనిపించి కళ్లు మూసుకుని ఆవిడ మీద గొడుగులా వంగిపోయాడు.

"జరగరా, టీ ఒలికిపోతుంది," అంది తైసియా. "ఒరేయ్, నువ్వు తగ్గించమంటే నేను తగ్గించేస్తాననుకున్నావా? నాకేమైనా పిచ్చా? నా మనవరాలు దీని మీదుగానే బడికెళ్లాలి."

వాదిమ్ ఒక కన్ను తెరిచాడు. "అమలైందని చెప్పావుగా!"

"నీకు కావాల్సింది ఆ మాటేగా. ఇచ్చాను. దూలాలు చూపించమని ఎప్పుడైనా అడిగావా?"

"మరి ఖర్చు ఎలా తగ్గింది?"

"రంగురంగుల దీపాలు పెట్టమన్నావు, గ్రానైటు మెట్లన్నావు, పెద్దవాళ్లు కూర్చుని చూడ్డానికి అద్దాల గదన్నావు. పైన ఇంతసేపు నిలబడ్డావుగా, వాటిలో ఒక్కటైనా కనపడిందా నీకు?"

వాదిమ్‌కి అవన్నీ కనపడ్డాయి, కాకపోతే స్లయిడ్లలో. ఇవాళ పైన అవి లేవన్న సంగతి ఇప్పుడే తట్టింది. మూడో లారీ, నాలుగో లారీ వచ్చి ఆగాయి. వంతెన ఒకసారి మూలిగినట్టు అని ఊరుకుంది.

"వంతెన పూర్తవగానే తనిఖీ కమిషన్ వాళ్ల ముందు నిండు బరువుతో పరీక్ష చేశాం. ఆ రోజు కూడా ఇక్కడే కూర్చున్నా. నీకు కబురు పంపాను కూడా."

"నా దగ్గరికి... సారాంశాలే వస్తాయి."

"నీ ఆదేశాల్లో ఇన్నేళ్లలో మేం తు.చ. తప్పకుండా పాటించింది ఏమిటో తెలుసా? కొత్త సంవత్సరం సెలవులు." ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆయన చేతిలో పెట్టింది. "తాగు. ఈసారైనా కక్కకు."

ఆయన తాగాడు. సగం టీ టై మీద పోయింది. ఇన్నేళ్లుగా తన మాట ఎవరూ వినలేదన్న అవమానం ఒకవైపు, వినకపోవడం వల్లే ఈ క్షణాన తామిద్దరూ బతికున్నారన్న ఆనందం ఇంకోవైపు. ఆనందమే ఎక్కువగా ఉంది. చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. తైసియా మొహం అటు తిప్పుకుని గింజలు నమిలింది.

పైన ఉన్నవాళ్లు చూసింది మాత్రం వేరు. జనరల్ డైరెక్టరు, నడుం నొప్పితో వంగిపోయిన మనిషి, లారీలు కదిలేసరికి ఆగలేక తన వంతెన కిందికి పరిగెత్తాడు! ఒక ఆడమనిషిని ఒంటరిగా నిలబడనివ్వలేదు! తను అడ్డంగా నిలిచి కాపాడాడు! స్నెజానా నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చింది. బురదతో పైకొచ్చిన వాదిమ్‌ని గవర్నరు కౌగిలించుకుని బుగ్గల మీద మూడు ముద్దులు పెట్టాడు.

"అది కాదండీ, అసలేమైందంటే..." అన్నాడు వాదిమ్.

"మాట్లాడకయ్యా! నీ కళ్లే చెబుతున్నాయి!"

ఆయన కళ్లు ఏం చెప్పాయో గానీ, సాయంత్రానికి ఆ వీడియో దేశమంతా చూసింది. కొత్త సంవత్సరంలోపే ఆయన మాస్కోలో ఆ గదిలో ఉన్నాడు. గది బాగానే ఉంది. కిటికీలోంచి నది కనపడుతుంది, నది మీద వేరేవాళ్లు కట్టిన వంతెన కనపడుతుంది.

జనవరిలో ఆర్నొల్ద్ సవ్వీచ్ పిలిపించాడు. నిమ్మచెక్క వేసిన టీ ఇప్పించి, భుజం తట్టి అన్నాడు, "నీ పద్ధతి అన్ని వంతెనలకీ పెట్టేద్దాం. దూలాలు తగ్గించు, బోల్టులు తగ్గించు. నీ వంతెన నిలబడిందిగా, ఇంకేం కావాలి! ఆదేశం తయారుచేసి తీసుకురా."

వాదిమ్ టీ కప్పు కింద పెట్టాడు. "ఆర్నొల్ద్ సవ్వీచ్, నా వంతెనలో నిజానికి..."

"ఈ వినయమే వద్దంటాను!"

వాదిమ్ గట్టిగా చెప్పొచ్చు. చెప్పలేదు. ఆయన పిరికివాడు, ఇందులో దాచేదేమీ లేదు. తన గదికొచ్చి తైసియాకి ఫోను చేశాడు.

"తాయా, మిగతా చోట్ల ఆదేశం వస్తే ఏం చేస్తారంటావ్? నువ్వు చేసినట్టే చేస్తారుగా?"

"నాకేం తెలుసు? కొందరు చేస్తారు," అంది తైసియా. "చెప్పిన మాట వినేవాళ్లు కూడా ఉంటారు వాదిక్. వాళ్ల సంగతి చూసుకో."

ఆయన ఫోను పెట్టేశాడు. చెప్పిన మాట వినేవాళ్లున్నారన్న ఆలోచన ఒక పై అధికారిని ఇంత భయపెట్టడం ఆ భవనంలో అదే మొదటిసారి అయ్యుంటుంది. ఆ తర్వాత కాగితం లాక్కుని ఆదేశం రాశాడు. దూలాలు తగ్గించవచ్చు, బోల్టులు తగ్గించవచ్చు, అధ్యక్షులవారు కోరినట్టే అంతా రాశాడు. చివర్లో మాత్రం ఒక వాక్యం చేర్చాడు. తగ్గిస్తున్నట్టు సంతకం పెట్టిన డైరెక్టరు పరీక్ష రోజున నిండు లారీల కింద, కెమెరాల ముందు, తనే స్వయంగా నిలబడాలి. తన బదులు ఇంకెవరినీ పంపకూడదు.

ఆర్నొల్ద్ సవ్వీచ్ ఆ వాక్యం చదివి పొంగిపోయాడు. "నీ వీడియోలాంటివి దేశమంతా! శభాష్!" అని బంగారు పాళీ కలంతో సంతకం గీకేశాడు.

దేశం నలుమూలల నుంచీ జవాబులు రావడం మొదలైంది. తమ నది ప్రత్యేకమైనదని ఒకాయన, తమ దగ్గర గాలి ఎక్కువని ఇంకొకాయన రాశారు. మరొకాయన దూలాలు తగ్గించేశానని ముందు రాసి, ఆదేశం చివరిదాకా చదివాక పాత దూలాలే పెట్టించానని మళ్లీ రాశాడు. జీవితంలో ఇంజినీరింగు పుస్తకం ముట్టని డైరెక్టర్లు కూడా ప్రధాన ఇంజినీర్లని గదికి పిలిపించుకుని, కుర్చీ వేసి, టీ ఇచ్చి, 'ఏది ఎంత మందం ఉండాలండీ' అని మర్యాదగా అడగసాగారు.

సెప్టెంబరులో ఒక ఉదయం ఆర్నొల్ద్ సవ్వీచ్ గది అదిరిపోయేలా అరిచాడు.

"ఒక్కడూ! ఒక్కడూ తగ్గించలేదు! నీ పద్ధతి ఇదేనా? ఈ కార్పొరేషన్‌లో మగాళ్లు లేరా?"

వాదిమ్ తల వంచుకుని నిలబడ్డాడు. లోపల నవ్వు వస్తుంటే పళ్ల మధ్య పెదవి బిగబట్టుకున్నాడు.

"ఒక్కడున్నాడు," అన్నాడు ఆర్నొల్ద్ సవ్వీచ్, గొంతు తగ్గించి, గర్వంగా. "నా అల్లుడు స్తనిస్లావ్. దూలాలు తగ్గించాడు, బోల్టులు తగ్గించాడు, సంతకం పెట్టాడు. ఇవాళే నిలబడుతున్నాడు. ఈపాటికి లారీలు వచ్చే ఉంటాయి. నా కూతురు కూడా చూడ్డానికి వెళ్లింది."

వాదిమ్‌కి నవ్వు ఆగిపోయింది. "నిజంగానే తగ్గించాడా?"

"నిజంగానే! వాడు నా మాట జవదాటడు."

"ఫోను చేయండి. ఇప్పుడే చేయండి. లారీలు ఆపించండి!"

"ఏం, నువ్వు నిలబడలేదా?"

"నా వంతెనలో ఒక్క బోల్టు కూడా తగ్గలేదండీ!" వాదిమ్ బల్ల మీద గుద్దాడు. "మా ప్రధాన ఇంజినీరు నా మాట వినలేదు! అది నాకు తెలియదు. కూలిపోతుందనుకుని ఆవిణ్ణి బయటికి లాగడానికి పరిగెత్తాను, అంతే! నేను వీరుణ్ణీ కాదు, మట్టిగడ్డా కాదు, ఫోను చేయండి!"

ఆర్నొల్ద్ సవ్వీచ్ చటుక్కున లేచాడు. ఫోను అందుకున్నాడు. కంగారులో ఒకసారి తప్పు నంబరుకి పోయింది. మళ్లీ చేశాడు. అల్లుడు ఎత్తలేదు. కూతురికి చేశాడు.

"లీదా! లారీలు ఆపించు! ఏ లారీలా, అక్కడున్న లారీలే! గవర్నరుంటే నాకేంటి? స్తాసిక్‌ని బయటికి లాగండి! పైన ఎన్ని ఉన్నాయి? రెండా? మూడోదాన్ని ఎక్కనివ్వకు, నువ్వే రోడ్డుకడ్డంగా పడుకో!" ఫోనుని చెవికి అదిమిపెట్టుకున్నాడు. ఆయన కళ్లు మూసుకుని శిలువ గుర్తు వేసుకున్నాడు. తర్వాత కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు. "వచ్చాడా? బయటికొచ్చాడా? విను తల్లీ, ఆ దూలాలన్నీ పీకించి కొత్తవి వేయించమను. ఉన్నవాటిలోకెల్లా మందమైనవి. బోల్టులు కూడా. ఎంతైనా సరే, వింటున్నావా, ఎంతైనా సరే!"

ఫోను పెట్టేశాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ సాయంత్రమే వాదిమ్ గ్లేబొవిచ్‌ని పదవి నుంచి తప్పించారు. కారణం కింద ఒకే ఒక్క మాట రాశారు: ఈ ఏడాది ఒక్క వంతెన మీద కూడా పొదుపు చేయించలేకపోయాడని.